టేపాయన పెళ్లి

యుద్ధం మొదలైన ఏడాది అంగళ్ళవాళ్ళు విరాళాలు అడగకుండానే ఇచ్చారు. రెండో ఏడాది అడిగితే ఇచ్చారు. మూడో ఏడాదికి నేను వీధి మలుపు తిరగ్గానే షట్టర్లు సగం దిగడం మొదలుపెట్టాయి. వాళ్ళను తప్పు పట్టను. గిరాకీ లేని అంగట్లో కూర్చున్నవాడికి ఎదుటివాడి ఆకలి కూడా బాకీలాగే కనిపిస్తుంది.

నాది గుడ్డల టోకు వ్యాపారం. సరుకు రావడం ఆగిపోయాక నా గోడౌన్లో సరిహద్దు ఊళ్ళవాళ్ళు తలదాచుకున్నారు. వాళ్ళ పొయ్యికి పిండి, నూనె తెచ్చే పని నా నెత్తిన పడింది. అమ్మడం తప్ప మరో విద్య రానివాణ్ణి, విరాళాలు కూడా అమ్మకంలాగే నడిపాను. నాకు దొరికిన సరుకు టేపాయన.

టేపాయన దర్జీ. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు. ఇంటిమీద బాంబు పడేటప్పటికి భార్య కిటికీ పక్కన కూర్చుని ఆయన చొక్కాకు గుండీ కుడుతోందట. శుక్రవారం శుక్రవారం ఆయన్ను ఒక దాత ఇంటికి తీసుకెళ్ళి ఆ సంగతి చెప్పించేవాణ్ణి. గుండీ దగ్గర కాస్త ఆగమని నేర్పింది కూడా నేనే. మర్నాటికి బస్తాలు దిగేవి. అందరిలోకీ పిండిమిల్లు యజమానిది పెద్ద చెయ్యి. "ఆయన చెబుతుంటే, నా ఇంట్లో అందరూ ఉన్నారని గుర్తొస్తుందయ్యా" అనేవాడు.

ఒకరోజు టేపాయన నన్ను గోడౌన్ వెనక్కి పిలిచాడు.

"షావుకారన్నా, ఒక మాట. కోప్పడకూడదు."

"చెప్పు. పిండికి పురుగు పట్టిందా?"

"పెళ్లి చేసుకుందామనుకుంటున్నా."

ఎవరినని అడగక్కర్లేకపోయింది. తలుపు పక్కన బంగాళాదుంపలు తరుగుతున్న వంటావిడ తల ఇంకా కిందికి వంచేసుకుంది. ఆవిడ భర్తనూ యుద్ధమే తినేసింది.

"మంచిదే" అంది నా నోరు. బుర్ర అప్పటికే లెక్క వేస్తోంది. కొత్త పెళ్లికొడుకు వచ్చి మొదటి భార్య గుండీ గురించి చెబితే బస్తా దింపేదెవరు? వేరే కథలు గోడౌన్ నిండా ఉన్నాయి. ఒక్క రకం బాగా పోతోందని మిగతావి ఇన్నాళ్ళూ బయట పెట్టలేదు. అంగడి మెట్టెక్కిన కొత్తలో కూడా అలాంటి తప్పు చేయలేదు నేను.

"కొన్నాళ్ళు ఆగరాదూ?"

"ఎన్నాళ్ళు?"

"యుద్ధం అయ్యేదాకా."

ఆయన నవ్వాడు. "నాకు యాభై దాటాయన్నా. యుద్ధానికింకా పాలపళ్ళు కూడా ఊడలేదు."

ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను.

"బతికున్న మనిషిని అంగట్లో బొమ్మలా నిలబెట్టారు. ఆయన నవ్వితే మీకు నష్టం" అంది.

"అయితే రేపు గోడౌన్లో పిల్లలకేం పెట్టను? నువ్వే చెప్పు."

ఆమె మడత పెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

ఆ శుక్రవారం గోడౌన్లోనే ఉంటున్న బడిపంతుల్ని ఒక దాత ఇంటికి తీసుకెళ్ళాను. ఆయనకు కొడుకు పోయాడు. ఇంటివాళ్ళు మర్యాదగానే విన్నారు. లేచేటప్పుడు "దర్జీ గారికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగి, సగం డబ్బా నూనె చేతికిచ్చారు. దారిలో పంతులు నా వైపు చూడలేదు.

ఆపై వారం మిల్లాయన వంతు. చలికాలం పిండి అంతా ఆయన మాట మీదే ఉంది. మళ్ళీ టేపాయన దగ్గరికే వెళ్ళాను. ఆయన వంటావిడ వైపు చూశాడు.

"వెళ్ళిరండి. పిల్లలకు గిన్నెలో ఏదో ఒకటి పడాలి కదా" అంది ఆవిడ. ఆ మాటకు నా గుండె తేలికపడింది. ఆ సంగతే నాకు నచ్చలేదు.

మిల్లాయన హాల్లో టేపాయన గుండీ దాకా వచ్చి ఆగాడు. ఇక కదల్లేదు. టేపు రెండు కొసలూ గుప్పిట్లో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. మిల్లాయన తల్లి లేచి ఆయన తల నిమిరింది. "ఈ పూట చెప్పినట్టు ఎన్నడూ చెప్పలేదు" అని మిల్లాయన పిండి రెట్టింపు చేశాడు.

తిరుగుదారిలో టేపాయన అన్నాడు.

"నేనేడ్చింది గుండీ గుర్తొచ్చి కాదన్నా. పొద్దున గోడౌన్ వెనక ఆవిడ తన బట్టల పక్కన నా చొక్కా ఆరేసింది. నలుగురూ చూస్తారు, తీసెయ్యమన్నా. మాట్లాడకుండా తడిది తడిదే తీసేసింది."

మేం బయల్దేరేటప్పుడు మిల్లాయన నన్ను పక్కకు పిలిచి, వచ్చే శుక్రవారం తన వ్యాపార మిత్రులందరినీ పిలుస్తానన్నాడు. సరేనని వచ్చాను. ఆ సంగతి టేపాయనకు ఇంకా చెప్పాలి.