కూర్చోని పెద్దకోడలు

పదో తరగతికి ఉపవాచకంగా పెట్టిన ఆ పాత నవలను ఏటా చెప్పినా నవల టీచరుకు ఎన్నడూ విసుగు పుట్టలేదు. పిల్లలు దాన్ని తెరవకుండానే పరీక్ష గట్టెక్కడం చూస్తే మాత్రం ఆమెకు ఒళ్లు మండిపోయేది. వ్యాకరణం చెప్పినా, పద్యం చెప్పినా బళ్లో ఆమెకు నవల టీచరన్న పేరే నిలిచిపోయింది.

ఆ నవలలో ఒక రొట్టెల దుకాణం, దాని వెనకే ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం. మామగారు పోయాక ఇంటి పెత్తనం పెద్దకోడలి చేతికొస్తుంది. ఆమె చిన్న మరిదిని ఇంట్లోంచి వెళ్లగొడుతుంది. అతను ఊళ్లు పట్టి తిరిగి, నానా కష్టాలూ పడి, పెద్దవాడై వచ్చి వదినను క్షమిస్తాడు. బజార్లో దొరికే గైడు ఆ పెద్దకోడలిని మూడు ముక్కల్లో తేల్చేసింది: స్వార్థం, అసూయ, కాఠిన్యం. పిల్లలు ఆ మూడు ముక్కలూ కంఠతా పట్టి, పరీక్షలో అప్పజెప్పి, చేతులు దులుపుకునేవారు.

ఈ ఏడు అలా పోనివ్వకూడదని టీచరు పట్టుబట్టింది. ముందు, నవలలో నచ్చిన మనిషికి ఒక ఉత్తరం రాసుకు రమ్మంది. తెల్లారి చూస్తే క్లాసులో సగానికి సగం ఒకే ఉత్తరం తెచ్చారు, అక్షరదోషాలతో సహా. తర్వాత ఎవరికి నచ్చిన పాత్ర వేషం వాళ్లు కట్టి మాట్లాడమంది. ఆ గంటంతా మీసాలు ఎవరు పెట్టుకోవాలన్న తగాదాతోనే సరిపోయింది. ఆఖరికి, మరిదిని వెళ్లగొట్టడం తప్పా ఒప్పా అని క్లాసులోనే కోర్టు పెట్టింది. ఆమె భర్త దర్జీ. మిగిలిపోయిన నల్లగుడ్డతో రెండు లాయరు కోట్లు కుట్టిచ్చాడు. "బడి మీ హెడ్మాస్టరుదా, నాదా?" అని సణుగుతూనే గుండీలు కూడా కుట్టాడు. తీరా కోర్టులో ఓట్లు వేయమంటే ఎవరి స్నేహితుడికి వాళ్లు వేసుకున్నారు. గెలిచినవాళ్లు బల్లలు వాయించారు. పక్క గదిలోంచి లెక్కల మాస్టారు వచ్చి, గుమ్మంలో నిలబడి, ఏమీ అనకుండా చాక్‌పీసు చూపించి వెళ్లిపోయాడు. అది తిట్టు కంటే ఘాటుగా తగిలింది.

ఆ రోజు ఇంటికెళ్లి చెప్పులు విడుస్తూ, "వాళ్లకు నేర్పడం కాదు, నన్ను నేను హింసించుకోవడం ఇది" అంది. భర్త మిషను ఆపకుండానే, రేపటి నుంచి గైడు చదివించెయ్యమని సలహా ఇచ్చాడు. సలహా అంత సులువుగా వచ్చేసరికి ఆమెకు ఇంకా కోపమొచ్చింది.

ఇంతలో హెడ్మాస్టరు పిలిపించాడు. పై ఆఫీసు నుంచి బోధన చూడ్డానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడట. కొత్త పద్ధతులంటే ఆయనకు మోజట. "మీరేవో ఆటలు ఆడిస్తున్నారుగా, అందులో ఒకటి చూపిద్దాం" అన్నాడు. కోర్టు రోజు వచ్చిన ఫిర్యాదుకు మొన్ననే సంజాయిషీ అడిగిన మనిషే ఈ మాట అన్నాడు. టీచరు నోరు తెరిచేలోపే ఆయన షరతు కూడా పెట్టేశాడు: ప్రశ్నలూ జవాబులూ ముందే రాయించాలి, ఎవరూ తడబడకూడదు.

అలా రాసిస్తే అది నాటకమవుతుంది గానీ ఆలోచన కాదని ఆమె చెప్పబోయింది. మధ్యలోనే నీళ్లు నమిలింది. ఉద్యోగం, ఆయన ముఖం, వరసగా మూడుసార్లు బెడిసికొట్టిన తన ప్రయత్నాలు అన్నీ కలిసి ఆమె నోరు నొక్కేశాయి. సరేనంది.

ఆట ఏమిటంటే, క్లాసు ముందు ఒక కుర్చీ వేస్తారు. ఒకరు పాత్రగా మారి వచ్చి అందులో కూర్చుంటారు. మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తారు. పెద్దకోడలి పాత్రకు ఎవరూ ముందుకు రాలేదు. చివరికి మొండి లేచింది. ఆ అమ్మాయిని క్లాసులో అందరూ మొండనే పిలుస్తారు. చెప్పిన పని చెప్పినట్టు ఎన్నడూ చేయదు. పుస్తకం మాత్రం చదువుతుంది. చదివింది కాబట్టే అంత పొగరని తోటివాళ్లు అనుకునేవారు.

రిహార్సళ్లలో ఆ పిల్ల టీచరు తల ప్రాణం తోకకు తెచ్చింది. జవాబులన్నీ సరిగ్గానే అప్పజెబుతుంది గానీ కుర్చీ పక్కన నిలబడే చెబుతుంది. కూర్చోమంటే అంచుమీద ఆనినట్టు ఆని లేచిపోతుంది. "కుర్చీలో ముళ్లున్నాయా? కుదురుగా కూర్చో" అని టీచరు కసిరింది. మొండి ఏదో చెప్పబోతే, చెప్పడానికి టైము లేదు, కూర్చోడానికే టైముందని నోరు మూయించింది. తన నోట్లోంచి వచ్చిన ఆ మాట అచ్చం హెడ్మాస్టరు మాటలా వినిపించి, ఆమెకు తనమీదే చిరాకేసింది.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు అంతా పకడ్బందీగా నడిచింది. మరిది వేషం కట్టిన కుర్రాడు కుర్చీలో కూర్చుని తన కష్టాలను గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు తలాడించాడు. హెడ్మాస్టరు ఆయన ముఖంలోకి చూసి తనూ తలాడించాడు. తర్వాత మొండి వచ్చింది. కుర్చీ దగ్గరికి వెళ్లి, దాని వీపుమీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

మరిదిని ఎందుకు వెళ్లగొట్టావని ఒక పిల్ల అడిగింది. అసూయతోనే చేశానని, క్షమించమని మొండి చెప్పాలి. ఆ పిల్ల ఏమీ చెప్పలేదు. కూర్చోమ్మా, భయపడకు అని ఇన్‌స్పెక్టరు మెత్తగా అన్నాడు.

"భయం కాదు సార్" అంది మొండి. "పుస్తకం మొత్తంలో ఈవిడ ఎక్కడా కూర్చోలేదు. పొయ్యి దగ్గర నిలబడే ఉంటుంది, గుమ్మంలో నిలబడే ఉంటుంది, అందరూ తింటుంటే వడ్డిస్తూ నిలబడే ఉంటుంది. మరిదిని వెళ్లిపొమ్మన్న రోజు కూడా చేతిలో పిండి బస్తా ఉంది. అంతమందికి పని చేసే మనిషికి ఒక్కడు తగ్గితే చాలనిపించిందేమో. నాకు తెలీదు. కానీ ఈ కుర్చీలో కూర్చుంటే నేను ఆవిడను కాను."

హెడ్మాస్టరు ముఖం మాడిపోయింది. ఇన్‌స్పెక్టరు టీచరు వైపు తిరిగి, పిల్ల జవాబు మర్చిపోయినట్టుంది అన్నాడు. కాదు అని చెప్పడానికి ఆ క్షణంలో ఆమెకు ఒక్క మాట చాలు. కానీ పిల్ల చెప్పింది నిజమో కాదో తనకే తెలియలేదు. ఇన్నేళ్లుగా ఈ నవల చెబుతున్న తనకే తెలియలేదు! ఇన్‌స్పెక్టరు నవ్వి, తర్వాతి పాత్రను పిలవమన్నాడు. వెళ్లేటప్పుడు హెడ్మాస్టరుతో ప్రయత్నం బాగుందనీ, ఆ అమ్మాయికి సభాభయం పోగొట్టాలనీ చెప్పాడట. ఆ ముక్క హెడ్మాస్టరు నాలుగు రెట్లు పెంచి ఆమెకు వడ్డించాడు. ఇక పరీక్షలయ్యేదాకా ఆటలు బంద్, గైడు చదివించండి అని తేల్చేశాడు.

మధ్యాహ్నం ఖాళీ పీరియడ్లలో టీచరు స్టాఫ్‌రూములో ఒక మూల కూర్చుని నవల మొదటి పేజీ నుంచి తిరగేసింది. కోపంతోనే తిరగేసింది. ఆ పిల్ల తప్పు చెప్పిందని తేలితే సగం బరువు దిగుతుందని లోలోపల ఆశ. పెద్దకోడలు వచ్చిన చోటల్లా వేలు పెట్టి చదివింది. నిలబడింది. వంగింది. నడిచింది. గోడకు ఆనుకుంది. పేజీలు గడిచేకొద్దీ ఆశ పోయి సిగ్గు మొదలైంది. ఆఖరి భాగంలో, ఆవిడ పెద్దకొడుకు చనిపోయాడని కబురు వచ్చే చోట మాత్రం ఒక మాట దొరికింది: కూలబడింది.

బడి వదిలాక వరండాలో మొండిని ఆపింది. పుస్తకం తెరిచి ఆ వాక్యం చూపించింది. అలా చూపిస్తున్నప్పుడు తన గొంతులో గెలుపు ధ్వనించడం ఆమెకే నచ్చలేదు.

మొండి చదివి పుస్తకం మూసింది. "కూలబడటం కూర్చోవడం కాదు టీచర్. కూర్చోవడమంటే మనం అనుకుని చేసేది."

టీచరు వాదించింది. రచయిత ఆ ఒక్కచోటనే ఆమెను కిందికి దించాడంటే, అక్కడ ఆమె దుఃఖాన్ని మనం చూడాలని కాదూ అంది. అంతవరకూ చూడొద్దనా అని మొండి తిరిగి అడిగింది. ఇద్దరూ మాటకు మాట అనుకుంటుండగా వరండా ఖాళీ అయింది. ఊడుస్తున్న ఆయా వాళ్ల కాళ్ల చుట్టూ చీపురు తిప్పుకుంటూ పోయింది. ఏడాదంతా ఏ ఆటలోనూ దొరకని పాఠం ఇక్కడ దొరికింది. దానికి కుర్చీ గానీ కోటు గానీ ఇన్‌స్పెక్టరు గానీ అక్కర్లేకపోయింది. సంతోషపడబోతుంటే ఆమెకు తేదీ గుర్తొచ్చింది. వారం తిరిగేసరికి పరీక్ష.

"ఇదంతా బాగుంది గానీ, పరీక్షలో మాత్రం గైడులో ఉన్నదే రాయి" అంది. "దిద్దే పట్టికలో ఆ మూడు ముక్కలకే మార్కులు."

మొండి ఎదురు చెబుతుందని ఎదురుచూసింది. ఆ పిల్ల సంచీ భుజాన వేసుకుని, "సరే టీచర్" అని వెళ్లిపోయింది. ఆ సరే అనే మాట టీచరుకు ముల్లులా గుచ్చుకుంది.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. మొండి కాగితంలో స్వార్థం, అసూయ, కాఠిన్యం గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. టీచరు ఎర్రకలం పట్టుకుని చాలాసేపు దాన్నే చూసింది. పట్టిక ప్రకారం పూర్తి మార్కులు. మింగలేక కక్కలేక పూర్తి మార్కులే వేసి, కింద ఒక ప్రశ్న రాసింది: ఇది నువ్వు నమ్ముతున్నావా?

కాగితాలు పంచిన రోజు మొండి బల్ల దగ్గరికి వచ్చింది. "ఒక్క ముక్క కూడా నమ్మట్లేదు టీచర్."

"అయితే మార్కులు వెనక్కి ఇచ్చేస్తావా?"

"ఇవ్వను" అంది మొండి. "మీరు రాయమన్నారు కదా, రాశాను. ఇప్పుడు మీరు రాయండి" అని ఒక తెల్లకాగితం బల్లమీద పెట్టింది. "ఆవిడ గురించి. గైడు చూడకుండా."

టీచరుకు నవ్వు రాలేదు. కోపమూ రాలేదు. హెడ్మాస్టరు వరండాలో పచార్లు చేస్తున్నాడు. ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది. మొదటి వాక్యం ఏం రాయాలో ఎంతకీ తోచలేదు. మొండి బల్ల పక్కనే నిలబడి చూస్తోంది.

"నువ్వెళ్లు" అంది టీచరు విసుగ్గా. "నువ్వలా నెత్తిమీద నిలబడితే నాకు రాయడం కుదరదు."