కడిగిన సెలరీ దుంపలు

సెలరీ దుంపంత మొండి ఘటాన్ని నేనెక్కడా చూడలేదు, మా ఆయన్ని మినహాయిస్తే. నలుసంత విత్తనం. మట్టి కప్పితే మొలవదు, కప్పకపోతే ఎండిపోతుంది. ఒక్కపూట నీళ్లు మరిచామా, అలిగి కూర్చుంటుంది. పోయినేడాది ఆకులే ఆకులు, కింద దుంప లేదు. నా చాకిరీ అంతా నీళ్లపాలైంది.

అయినా వదల్లేదు, మా అత్తగారి కోసం. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పటినుంచి ఆవిడకు ఏది పెట్టినా పొలమారుతుంది. ఈ దుంపను ఉడికించి మెత్తగా మెదిపి పెడితే మాత్రం గిన్నె ఖాళీ చేస్తుంది. చలికాలంలో బజారంతా గాలించినా దొరకదు. అందుకే ఈసారి పట్టుబట్టి పండించాను. పిడికిలిని మించి ఊరాయి.

దుంపలకు అంటిన మట్టిని కడక్కూడదు, కడిగితే కుళ్లిపోతాయి. ఆకులు కోసి, అలాగే తడి ఇసుకలో పాతిపెడితే వసంతం దాకా ఉంటాయి. తవ్విన రోజే నేను పనిచేసే కర్మాగారం నుంచి పిలుపొచ్చింది. పాతే పని మా ఆయనకు అప్పగించి, చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్లాను.

చలి ముదిరాక, మెట్ల కింది గదిలో ఇసుక పెట్టె తెరిచాను. మొదటి దుంపలోకే వేలు దిగబడింది. కిందివీ అంతే. తోలు మీద బ్రష్షు గీతలున్నాయి.

ఇంకేముంది, ఇల్లు పీకి పందిరేశాను. ఆయన పనిచేసేది కూరగాయల దుకాణంలో. అక్కడ నిగనిగలాడేలా కడిగి పేర్చినట్టు ఇక్కడా పేర్చాడనుకున్నాను. నువ్వూ నీ శుభ్రమూ, మీ అమ్మ నోటి దగ్గర ముద్ద తీశావని దులిపేశాను. మాటకు మాట అనే మనిషి తల వంచుకు నిలబడ్డాడు. నాకింకా ఒళ్లు మండింది.

వంటగదిలో కుర్చీలోంచి అత్తగారు అంది: "వాణ్ణెందుకమ్మా అంటావు? కడిగింది నేను. నీకు కాస్త పని తగ్గుతుందని."

ఏ చేత్తో కడిగిందని అడగబోయి ఆగిపోయాను. చెంచా కూడా పట్టుకోలేని ఆ కుడిచెయ్యి ఒళ్లో ఉంది.

"ఇన్నాళ్లకు ఆ చెయ్యి ఆడుతుంటే ఆపబుద్ధి కాలేదే," అన్నాడు మా ఆయన.

చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. కోపమూ పోలేదు. కనీసం ఆ రోజే ఈయన నాకు చెప్పి ఏడవచ్చు కదా, అప్పుడే ఉడికించి దాచేదాన్ని! ఆ మాట పైకి అనలేక, ఈ పూట ఆవిడకేం పెట్టాలో తోచక, కుళ్లిన పెట్టె ముందే కూలబడ్డాను.