హోల్డులో ఉన్న సొమ్ము

నేను ఒక డెబిట్ కార్డును. నా ముఖం మీద సిరిపురపు పైడితల్లి అన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఎక్కడో కార్ఖానాలో ప్లాస్టిక్ పలక మీద ఆ పేరు అచ్చుకొట్టి కవరులో పెట్టి పంపిస్తే, విజయనగరంలో ఒక కుట్టు దుకాణానికి వచ్చిపడ్డాను. పైడితల్లి నన్ను దేవుడి పటం ముందు ఉంచి బొట్టు పెట్టింది. మనుషులింతే, తమ డబ్బుకు తామే దండం పెట్టుకుంటారు.

చాలాకాలం మా ఇద్దరికీ ఏ పేచీ లేదు. జాకెట్లు కుట్టి మిగిల్చినది ఖాతాలో వేసేది, నన్ను బయటికి తీసేది కాదు. ఊళ్లో ఒక ప్రైవేటు బడి యూనిఫారాల పని ఆమెకిస్తానంది. గుడ్డ మాత్రం ఆమే కొనుక్కోవాలి. ఆ పని చేతికొస్తే ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకుని, దుకాణం ముందు తన పేరుతో బోర్డు కట్టాలని ఆమె ఆశ.

ఇంతలో మరిది చిన్నంనాయుడు దిగాడు. స్నేహితులతో అరకు వెళ్లడానికి ఫోన్‌లో అద్దె కారు మాట్లాడుకుంటున్నాడు.

"ఒక్క రూపాయి పోదు వొదినా. ఊరికే కార్డు సూపించాలంతే. నీ ఫోనుకి నంబరొస్తాది, సెప్పు."

కాదంటే ఇంట్లో ఏమనుకుంటారోనని చెప్పేసింది. అలా నేను అతని ఫోన్‌లో చేరిపోయాను. కారు కంపెనీ డిపాజిట్ పేరు చెప్పి ఖాతాలో గుడ్డ కోసం దాచిన పదిహేను వేలకు తాళం వేసింది. ఆ డబ్బు ఖాతా దాటి పోదు, అలాగని చేతికీ రాదు. కారు తిరిగిచ్చాక వాళ్లే విడిపించాలి. వాళ్లకేం తొందర?

కారు తలుపు మీద గీతతో వెనక్కి వెళ్లింది. గీత సంగతి తేలేదాకా తాళం తీసేది లేదన్నారు కంపెనీవాళ్లు. చిన్నంనాయుడు ఆ మాట వదినకు చెప్పలేదు.

గుడ్డ కొన్న బిల్లు సాయంత్రంలోగా చూపించకపోతే పని వేరేవాళ్లకిస్తామని బడివాళ్లు గడువు పెట్టారు. హోల్‌సేల్ కొట్టులో షావుకారు నన్ను గీకాడు. చెల్లదంది మిషను. నేను కాదనలేదు, నా చేత కాదనిపించారు. పైడితల్లి బ్యాంకుకి ఫోను చేసింది.

"మీ అమౌంట్ హోల్డ్‌లో ఉంది మేడమ్."

బ్యాంకతను చెప్పింది ఆ తాళం సంగతి. హోల్డంటే ఆమెకు తెలిసింది ఒక్కటే, లైనులో ఉండమనడం. "ఉన్నాను బాబూ, హోల్డులోనే ఉన్నాను" అంది. అతను మళ్లీ అదే చెప్పాడు, ఆమె మళ్లీ ఉన్నానంది. విసుగెత్తి అతను పాట పెట్టి వదిలేశాడు. పెట్టేస్తే డబ్బు పోతుందేమోనని ఫోను చెవికి అదుముకుని, షావుకారు కొట్టు కట్టేసేదాకా అలాగే నిలబడింది. నాకు నోరుంటే గట్టిగా అరిచేదాన్ని.

పని ఒక పెద్ద దర్జీ కొట్టుకి పోయింది. తరవాత ఎప్పటికో తాళం తీసినట్టు సందేశం వచ్చింది.

"సూసినావా వొదినా, ఒక్క రూపాయైనా పోనాదా?" అని నవ్వాడు చిన్నంనాయుడు.

ఖాతా ప్రకారం అతనన్నది నిజమే. అందుకే నాకు ఒళ్లు మండింది. పైడితల్లి గుడ్డ తప్ప మరేదీ కోయనివ్వని కత్తెర తీసి నన్ను రెండు ముక్కలు చేసింది. ఇప్పుడు కుట్టుమిషను సొరుగులో విరిగిన సూదుల మధ్య పడి ఉన్నాను.

బడులు తెరిచారు. నిన్న ఒకావిడ ఆ బడి కొత్త యూనిఫారం చొక్కా పట్టుకొచ్చింది.

"ఏసిన్రోజే సంకలో ఊడిపోనాది, కుట్టీయమ్మా."

పైడితల్లి గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసింది. తాను కొనబోయిన తానులోదే. చంకతో ఆగలేదు. కాలరు, జేబు, బొత్తాల పట్టీ, అన్ని కుట్లూ విప్పేసి చొక్కా అంతా మొదటినుంచి కుట్టింది. ఎంతివ్వమంటావని ఆవిడ అడిగితే, చంక కుట్టుకి పది రూపాయలంది.