నానిన వేరుశనగ సెలవు చీటీ

ఏడున్నర పడవ వెళ్ళిపోయింది. తాడు విప్పిన చప్పుడు, ఇంజను దగ్గు వినబడ్డాయి, ఆ తర్వాత పొగమంచు అన్నిటినీ మింగేసింది. రేవు గదిలో క్వాంగ్ దెలిన్ చింపిన టిక్కెట్ల ముక్కల్ని రేకు డబ్బాలోకి ఊడ్చి, స్టూలు మీద కూర్చుని, ఫోను తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. బొటనవేలు కదలడం మొదలుపెట్టింది.

నలభై ఆరేళ్ళ మనిషి. గది కిటికీ మరీ కిందికి ఉండటంతో పదకొండేళ్ళుగా వంగి వంగి భుజాలు అలాగే నిలిచిపోయాయి. రేవు వాళ్ళిచ్చిన నీలం కోటు జిప్పు సగంలో ఆగిపోతుంది. అక్కడి నుంచి మెడ దాకా ఒక పిన్నీసు. ఆ ముఖాన్ని ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి చూడరు. చూడదగ్గది ఏదైనా ఉంటే అది కుడి బొటనవేలు. దాని అంచున చిక్కుడు గింజంత కాయ కాసింది. అదెందుకు కాసిందని అడిగినవాళ్ళు లేరు గనక చెప్పే అవసరం రాలేదు.

చెప్పాల్సి వస్తే ఇదీ సంగతి. ఇంటర్నెట్లో ‘నానిన వేరుశనగ’ అనే పేరుతో రోజుకొక భాగం చొప్పున కథ రాసే మనిషి ఇతనే. కథ పేరు ‘పొగమంచు రేవు’. ఒక పడవవాడు, పడవలో ఏడుగురు ప్రయాణికులు, ఒక బాతు. అవతలి ఒడ్డు కనబడదు. ప్రతిరోజూ సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి కొత్త భాగం రావాలి. ఆరేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. సైటులో అతని పేరు నొక్కితే ఒక క్యాలెండరు వస్తుంది. కథ పెట్టిన ప్రతి రోజు మీదా ఒక ఎర్ర చుక్క. ఆరేళ్ళ క్యాలెండరూ తట్టు పోసినట్టు ఉంటుంది.

దెలిన్ జీవితంలో మధ్యలో తెగకుండా నడిచింది అదొక్కటే. పెంకుల ఫ్యాక్టరీ ఉద్యోగం రెండేళ్ళు నడిచింది. పెళ్ళి నాలుగేళ్ళు. విడాకుల రోజున ఆఫీసు వరండాలో క్యూలో నిలబడి రాశాడు. అమ్మ పోయిన రోజున, శ్మశానానికి వెళ్ళే వ్యానులో, ఆమె శవపేటిక పక్కనే కూర్చుని రాశాడు. మేనమామ చూసి, “ఎవరికిరా ఆ మెసేజీలు?” అన్నాడు. ఆ రోజు చుక్క కూడా మిగతావాటిలాగే ఎర్రగా ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా దెలిన్‌కి సిగ్గేస్తుంది.

ఇంత క్రమం తప్పకుండా రాసేవాళ్ళకి ఒక రోగం పట్టుకుంటుంది. రాయడానికేమీ లేని రోజున కూడా రాస్తారు. ఈ పనిలో దాన్ని నీళ్ళు పోయడం అంటారు. దెలిన్ తన పడవని నడి ఏటికి తెచ్చి రెండేళ్ళయింది. అప్పటినుంచి నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. బాతుకి వచ్చిన కల మీద పదకొండు భాగాలు, మంచు వాసన మీద ఆరు. అవతలి ఒడ్డు ఎలా ఉంటుందో అతనికే తెలియదు. ఆలోచించాలంటే ఒకరోజు ఆగాలి, ఆగితే చుక్కల వరస తెగుతుంది. కాబట్టి పడవ అక్కడే ఊగుతోంది. పాఠకులు మూడు వందల చిల్లర ఉంటారు, వాళ్ళూ అలవాటుపడి దాంతోపాటే ఊగుతున్నారు.

ఒక్క లువాన్ మేస్త్రీ మాత్రం అలవాటుపడలేదు.

రేవుకి ఎదురుగా, గుమ్మం పక్కన ఎరుపు తెలుపు నీలం చారల గొట్టం తిరుగుతూ ఉండే సెలూన్ ఆయనది. వయసు డెబ్బై తొమ్మిది. కళ్ళు మసకేశాక ఫోను చేత చదివించుకుని వినడం నేర్చుకున్నాడు. పన్నెండు కాగానే, ఎవరి గడ్డం గీస్తున్నా సరే, ఫోను నొక్కుతాడు. ఒక ఆడగొంతు ఏడుపునీ నవ్వునీ ఒకే తీరుగా, బస్టాండులో ప్రకటన చేసినట్టు ‘పొగమంచు రేవు’ చదువుతుంది. రోజు విడిచి రోజు ఆ వేళకి దెలిన్ కుర్చీలో వెనక్కి వాలి ఉండేవాడు, ముఖమంతా నురగ. తన వాక్యాలు తానే వింటూ, గొంతు మీద కత్తి మెత్తగా నడుస్తుంటే, కళ్ళు మూసుకుని ఆ మంచులోకి జారిపోయేవాడు. రోజు మొత్తంలో అతను ఎక్కడికైనా వెళ్ళేది అప్పుడే.

రాసేది తానేనని ఏనాడూ చెప్పలేదు. చెప్పే వీలు ముసలాయన ఇస్తేగా.

“రెండేళ్ళయిందిరా, నడి ఏట్లో పెట్టుక్కూచున్నాడు ఈ వేరుశనగగాడు! తెడ్డు నా చేతికిమ్మను, పొద్దుగూకే లోపల దాటించేస్తా.”

“రాస్తున్నాడుగా పాపం, రోజూ.”

“రాస్తున్నాడు, నా తలకాయ! బాతు కల ఎవడిక్కావాలి? ఒకరోజు మానెయ్యమను, కూచుని ఆలోచించుకోమను. అలాగని మానేస్తే ఊరుకుంటాననుకునేవు. బ్లేడు పంపిస్తా.”

బ్లేడు మాట ఆయన సొంతం కాదు. కథ ఆపిన రచయితకి పోస్టులో బ్లేడు పంపుతామని బెదిరించడం ఇలాంటి కథల పాఠకులందరికీ సరదా. ఆ మాట నిలబెట్టుకునేవాడు వెతికినా దొరకడు. కానీ లువాన్ మేస్త్రీ అన్నప్పుడు మాత్రం ఆయన చేతిలో నిజంగానే కత్తి ఉండేది, అదీ దెలిన్ గొంతు మీద.

ఇరవై రోజుల కిందట మేస్త్రీని ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశారు. కాలేయం పాడైపోయింది. మంచం వద్దన్నాడు. తన కుర్చీనే వెనక్కి వాల్చమని, దాని మీదే పడుకున్నాడు. కూతురు సుపింగ్ పక్కనే ఉన్న తన నూడిల్స్ కొట్టుకి తాళం వేసి దగ్గరుంటోంది. నిన్న ఆమె చెంచాతో టీ పోస్తుంటే ఆయన దెలిన్ వైపు తల తిప్పాడు.

“ఒరేయ్, నేను పోయేలోపు ఆ పడవ ఒడ్డు చేరుతుందంటావా?”

నవ్వుతూ అడగలేదు. ఆ ప్రశ్న దెలిన్ వెంట ఇంటిదాకా వచ్చింది, పొద్దున మళ్ళీ అతనితోపాటే రేవు గదికి వచ్చి కూర్చుంది.

పదింటికి ఇవాళ్టి భాగం సగం అయింది. పడవ పక్కనుంచి ఒక తామరాకు కొట్టుకుపోతోంది. మొదటినుంచీ చదువుకున్నాడు. నీళ్ళు, ఒట్టి నీళ్ళు. ఇంతలో మంచులోంచి కూరగాయల గంపలతో ఇద్దరాడవాళ్ళు వచ్చారు.

“ఏంటి దెలిన్, ముఖం అలా వేలాడేశావ్? పెళ్ళాం తిరిగొస్తానందా?” అంది వాళ్ళలో లావుపాటావిడ.

టిక్కెట్లు చింపి ఇచ్చాడు. వాళ్ళు మంచులోకి నడిచారు. ముందు కాళ్ళు, తర్వాత గంపలు, అన్నిటికంటే చివర నవ్వులు మాయమయ్యాయి. దెలిన్ తామరాకుని చెరిపేశాడు.

సెలవు చీటీ రాయడం అతనికి చేతకాదు. మిగతా రచయితలకి అదొక విద్య. బడిలో పంతులుకి ఇచ్చినట్టే, ఈ రోజు రాయలేనని కథ వచ్చే చోటనే ఒక చీటీ పెట్టాలి, కారణం చెప్పాలి. కంప్యూటరు కాలిపోయింది, వేలు తెగింది, నాయనమ్మ పోయింది. ఒక్కో రచయిత నాయనమ్మ ఏడాదికి మూడుసార్లు పోతుంది. పాఠకులు నమ్మరు, కానీ చదివి, తిట్టి, తృప్తిపడతారు. దెలిన్ ‘జ్వరం’ అని రాసి తీసేశాడు. ‘కరెంటు లేదు’ అని రాసి తీసేశాడు. ఆరేళ్ళు లేని మనుషుల్ని, లేని ఏటిని రాసినవాడికి ఒక చిన్న అబద్ధం రాలేదు. చివరికి ఇలా రాశాడు:

‘ఈ రోజు కథ లేదు. పడవని ఒడ్డుకి చేర్చాలి. ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు. ఇట్లు, నానిన వేరుశనగ.’

చీటీకి చుక్క పడదు. ఆ సంగతి బొటనవేలికి బాగా తెలుసు, అందుకే నొక్కేముందు కాసేపు గాలిలో ఆగింది. పన్నెండింటికి వచ్చేలా పెట్టి, తలుపుకి ‘మూడింటి పడవకి వస్తాను’ అన్న పలక తగిలించి, దెలిన్ రోడ్డు దాటాడు.

సెలూన్లో సబ్బు వాసన, మందుల వాసన. మేస్త్రీ కుర్చీలో వాలి ఉన్నాడు. ముఖం పసుపు రంగుకి తిరిగి, ఎముకల మీద గుడ్డ ఆరేసినట్టుంది. చేతులు మాత్రం ఇంకా పనివాడి చేతులే, పొడుగాటి వేళ్ళతో, శుభ్రమైన గోళ్ళతో. పన్నెండు కాగానే ఆయనే ఒళ్ళో ఉన్న ఫోను నొక్కాడు. ఆడగొంతు చీటీ మొత్తం, చివర పేరుతో సహా, ఎప్పటి తీరులోనే చదివి ఆగిపోయింది.

“మానేశాడన్నమాట,” అన్నాడు మేస్త్రీ కళ్ళు తెరవకుండానే. “ఇక బ్లేడు పంపాల్సిందే.”

దెలిన్ స్టూలు లాక్కుని ఆయన తల దగ్గర కూర్చున్నాడు. “మేస్త్రీ గారూ, అది నేను...”

“తెలుసులేరా. ముందు ఒడ్డు సంగతి చెప్పు.”

“తెలుసా! ఎప్పటినుంచి?”

“మొదటి ఏడాది నుంచి. ఆ ఫోను చదవకముందే నీ గొంతుముడి కదిలేది, వాక్యం వెనకొచ్చేది. కత్తి పట్టుకున్నవాడికి గొంతు చూసుకోవడమే కదా పని.” కాస్త ఊపిరి తీసుకున్నాడు. “అన్ని తిట్లు తిట్టినా ఒక్కనాడూ ఉలిక్కిపడలేదు నువ్వు. ఉలిక్కిపడుంటే తెగేది.”

దెలిన్ చెప్పడం మొదలుపెట్టాడు. నోటితో కథ చెప్పడం అతనికి అదే మొదలు. మొదట మాటలు తడబడ్డాయి, తర్వాత వాటంతటవే వచ్చాయి. సెలూన్ పెద్ద అద్దంలో ఎదురుగా రేవు కనబడుతుంది. అద్దంలో మంచు మెల్లగా కదులుతుంటే, కదులుతున్నది మంచు కాదు, ఈ కుర్చీయే అనిపించింది. గుమ్మంలో నిలబడ్డ సుపింగ్ పడవ అంచు పట్టుకున్నట్టు తలుపు చెక్క పట్టుకుంది. ఏడుగురినీ ఒక్కొక్కరుగా దింపాడు. నీళ్ళు తీసేస్తే, ఆరేళ్ళ దారి గంట కూడా పట్టలేదు.

“అందరూ దిగారు. బాతు కూడా దిగింది. పడవవాడు ఎప్పట్లాగే వెనక్కి తిప్పబోయాడు. ఒడ్డు మీంచి ఎవరో కేకేశారు. ‘ఏయ్, ఆ గడ్డంతో ఎక్కడికి పోతావ్?’ అని. ఒక ముసలాయన. పక్కన కుర్చీ, వేడినీళ్ళ గిన్నె.”

మేస్త్రీ కళ్ళు తెరిచాడు. “ఆయన నిన్నటిదాకా కథలో లేడే.”

“ఇప్పుడే వచ్చాడు.”

“ఊఁ, చెప్పు.”

“పడవవాడు దిగాడు. ఇన్నేళ్ళకి నేల మీద కాలు పెడితే, అదీ ఊగినట్టే అనిపించింది. ముసలాయన కూర్చోబెట్టి, ముఖం మీద వేడిగుడ్డ కప్పాడు. గడ్డం గీశాడు. అద్దం చూపించాడు. అంతే.”

“ఆరేళ్ళు తిప్పితిప్పి ఇంతేనా, వెధవా!” ముసలాయన పెదవి చివర నవ్వు ఉంది. కాసేపటికి అడిగాడు, “పడవని కట్టేశాడా? కొట్టుకుపోతుంది.”

“కట్టేశాడు. రెండు ముళ్ళు వేశాడు.”

“అయితే బాగుంది.” చెయ్యి లేపి దెలిన్ చెంప తడిమాడు. “ఎవడు గీశాడ్రా దీన్ని?”

“నేనే.”

“తెలుస్తోంది. ఇక పో, నీ పడవ వేళవుతుంది.”

మూడింటి పడవకి పదకొండు మంది వచ్చారు. వాళ్ళని పంపేసి దెలిన్ ఫోను చూశాడు. చీటీ కింద పాఠకులు పండగ చేసుకుంటున్నారు. ‘వేరుశనగకి పెళ్ళి కుదిరినట్టుంది!’ ‘ఎదురుచూసే మనిషి ఆడా మగా?’ ‘అడ్రసు పెట్టవయ్యా, బ్లేళ్ళు పార్సిల్ చేస్తాం.’ క్యాలెండరు తెరిచాడు. ఆ ఎరుపంతటి చివర ఇవాళ్టి గడి తెల్లగా ఉంది. గుండె తరుక్కుపోతుందనుకున్నాడు, ఊపిరి ఆడినట్టయింది. అమ్మ పోయిన రోజున కూడా ఇలా ఒక తెల్లగడి ఉండాల్సింది. ఎవరూ లేని గదిలో కోటు చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

ఐదింటికి మంచు తేలిపోయి అవతలి ఒడ్డు కనబడింది. గదికి తాళం వేసి ఇటు తిరిగాడు. ఎదురుగా చారల గొట్టం ఆగి ఉంది. పదకొండేళ్ళలో పగటిపూట అది ఆగడం అతను చూడలేదు. రోడ్డు దాటడానికి చాలాసేపు పట్టింది.

సుపింగ్ గుమ్మంలోకి వచ్చింది. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది.

“నువ్వెళ్ళిన గంటకి, దెలిన్ అన్నా. నిద్రలోనే. అంతకుముందు నాచేత సొరుగు తీయించాడు. చీటీ నేను రాస్తానంటే వినలేదు, తనే రాశాడు.”

చిన్న గుడ్డ మూట అతని చేతిలో పెట్టింది. విప్పాడు. గేదె కొమ్ము పిడి ఉన్న మడత కత్తి, ఆరేళ్ళుగా అతని గొంతు మీద నడిచినదే. అంచుకి నూనె రాసి ఉంది. పిడికి దారంతో కట్టిన కాగితం మీద అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి: ‘నానిన వేరుశనగకి. ఒకరోజు మానేసినందుకు.’ కత్తి మడత సందులో ఎప్పటిదో సబ్బు నురగ ఆరిపోయి, తెల్లగా అంటుకుని ఉంది.