ఇల్వా పన్ను మింగిన బ్రెడ్

చేపనూనె తాగే పిల్ల గింజల బ్రెడ్ ఎందుకు తినదు? జనవరిలో రెండు వారాల పాటు నా బుర్రలో తిరిగింది ఈ ఒక్క ప్రశ్నే. పరీక్షలున్నాయి, చదవాల్సినవి కుప్పలుగా ఉన్నాయి, అయినా బస్సులో ఇదే, స్నానం చేస్తున్నా ఇదే.

పిల్ల పేరు ఇల్వా. మా అన్నయ్య శూర్ కూతురు, ఆరేళ్ళు, ఒకటో తరగతి. నేను ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న ట్రోమ్సో యూనివర్సిటీలో ఆహారశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతూ వాళ్ళింట్లోనే కింది గదిలో ఉంటున్నాను. అన్నయ్య మంచు తోసే బండి నడుపుతాడు, తెల్లారి నాలుగింటికే వెళ్ళిపోతాడు. వదిన గురో నర్సు, ఆరున్నరకి బస్సెక్కుతుంది. అంచేత పొద్దున్నే ఇల్వాకి తినిపించి బడికి నడిపించుకెళ్ళే పని నా మీద పడింది.

రోజూ ఒకటే తంతు. గాజులా ఉండే ప్లాస్టిక్ చెంచా నిండా చేపనూనె పోసిస్తే ఇల్వా దాన్ని దీపానికి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, గుటుక్కున మింగేసేది. మొహం కూడా ముడిచేది కాదు. నాకు ఇరవయ్యేళ్ళొచ్చాయి, ఇప్పటికీ ముక్కు మూసుకునే ఆ సీసా మూత తీస్తాను. తర్వాత తెల్ల బ్రెడ్డు ముక్క, అంచులు కోసేసి, పైన గోధుమరంగు మేక చీజ్ పల్చటి పొర. అంతే. ఓట్స్ జావ ఒద్దు. టమాటా రసంలో ఊరిన చేప ఒద్దు. గింజల బ్రెడ్ పెడితే ఏకంగా పళ్ళేన్నే బల్ల చివరికి తోసేసేది.

తినకపోతే పోనీలే అని ఊరుకునేదాన్నేమో. కానీ ఏడో తారీకు బుధవారం ఒకటి జరిగింది. రెండు వారాలకోసారి ఒకటో తరగతి వాళ్ళని బడి వెనక గుట్ట ఎక్కిస్తారు, మంచు పడినా సరే. ఆ రోజు సగం దూరంలో ఉన్న నల్లబండ మీద ఇల్వా కూలబడిపోయింది. కాళ్ళలో ఏం లేదని చెప్పిందట. వాళ్ళ టీచర్ ఎస్పెన్ భుజాన వేసుకుని దించాడు, సాయంత్రం వదినకి ఫోన్ చేశాడు.

ఎస్పెన్ కోప్పడలేదు. ఇరవై ఒకటిన సూర్యుడి రోజు కదా, క్లాసంతా గుట్ట పైదాకా వెళ్తాం, ఇరవై ముగ్గురు పిల్లలు, ఆ రోజు ఎవర్నీ ఎత్తుకోలేను, నడవలేకపోతే ఇల్వా కింద బడి ఆవరణలోనే ఉండాలి అన్నాడు. ఆవరణలోకి సూర్యుడు రాడు, దక్షిణం వైపు కొండ అడ్డం. రెండు నెలల చీకటి తర్వాత మధ్యాహ్నం కొన్ని నిమిషాలు కనిపించి పోయేవాణ్ణి చూడాలంటే పైకి ఎక్కాల్సిందే. నిరుడు ఆ రోజున ఇల్వా చెవినొప్పితో, జ్వరంతో సోఫాలో పడుంది. అంతకు ముందేడు మబ్బులు. సూర్యుడు తిరిగి రావడం ఆ పిల్ల ఊహ తెలిశాక ఇంతవరకూ చూడనేలేదు. మా ఫ్రిజ్ తలుపు నిండా తను గీసిన సూర్యుళ్ళే.

వదిన మాట్లాడుతుంటే ఇల్వా మెట్ల మీద కూర్చుని మొత్తం వింది. ఏడవలేదు. లేచి వెళ్ళి ఫ్రిజ్ మీంచి ఒక సూర్యుణ్ణి పీకి, నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకుంది. నాకు అప్పుడే గట్టిగా అనిపించింది, ఈ పిల్లని ఆ గుట్ట ఎక్కించాలి అని.

సరే, ముందు ఎంత దూరం నడవగలదో తెలియాలి కదా. మా గుమ్మం నుంచి బడి గేటు దాకా ఎత్తు దారి, నలభై ఒక్క దీపస్తంభాలు. పొద్దున ఎనిమిదింటికి కూడా కటిక చీకటే కాబట్టి ఒక దీపం వెలుగులోంచి ఇంకో దీపం వెలుగులోకి నడవడమే మా పని. తెల్ల బ్రెడ్ తిన్న పొద్దున్న ఇల్వా ఏ స్తంభం దగ్గర "అత్తా, ఎత్తుకో" అంటుందో రాసుకున్నాను. నాలుగు రోజులకి పందొమ్మిది, ఇరవై ఒకటి, పద్దెనిమిది, పందొమ్మిది. ఎంత చక్కగా కుదిరాయో చూడండి, నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఇక్కడే నేను తెలివితక్కువ పని చేశాను. మా దగ్గర బ్రెడ్ ప్యాకెట్ల మీద ఒక గుండ్రం ఉంటుంది, నాలుగు భాగాలు చేసి. ముడి ధాన్యం ఎంత ఎక్కువుంటే అన్ని భాగాలు నల్లగా నింపుతారు. ఇల్వా తినేదానికి ఒక్క భాగమే నలుపు. నేను నాలుగూ నల్లగా ఉన్న బ్రెడ్‌లో వేసే గింజలన్నీ తెచ్చి, మెత్తటి పిండి చేసి, తెల్ల పిండిలో కలిపి బ్రెడ్ కాల్చాను. చూడ్డానికి తెల్లగానే ఉంది, కాస్త బూడిదరంగు కొడుతోందంతే. పసిగట్టదులే అనుకున్నాను.

ఇల్వా ఒక్కసారి నమిలింది. నోట్లోది అరచేతిలోకి తీసి చాలాసేపు చూసింది.

"ఇందులో ఏం దాచావు?"

ఏం లేదన్నాను.

"దాచావు," అంది, ప్రశ్నలా కాదు.

ఆ రోజూ మర్నాడూ నా చేత్తో ఇచ్చిందేదీ ముట్టలేదు. మేక చీజ్ కూడా. చేపనూనె మాత్రం ఎప్పట్లాగే ఎత్తి చూసి మింగింది. గురువారం పదకొండో స్తంభం దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణుంచి ఎత్తుకునే నడిచాను.

అన్నయ్యకి చెప్తే నవ్వాడు. "ఇందుకా యూనివర్సిటీకి వెళ్ళింది, మారెన్? గాలం దాచి ఎర చూపిస్తే చేప కూడా రెండోసారి రాదు. నువ్వు పట్టబోయింది మా అమ్మాయిని." మారెన్ అంటే నేనే.

అంచేత గురువారం బడి నుంచి రాగానే ఇల్వా ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఫలానా గింజలు, ఇన్ని చెంచాలు, పిండి చేశాను, చెప్పకుండా కలిపాను, తప్పు నాదే. ఇంక నాకు పోయేదేముంది అని, రెండు వారాలుగా నన్ను తినేస్తున్న ప్రశ్న అడిగేశాను. అంత కంపు కొట్టే నూనె ఎలా తాగుతావు మరి?

"అవతలి వైపు కనిపిస్తుంది కదా," అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"బ్రెడ్ కూడా అంతే కదా, కోసి చూస్తే కనిపిస్తుంది."

"కనిపించదు." కింది పెదవి లాగి ముందున్న ఖాళీ చూపించింది. "ఇది అందులోనే పోయింది."

అప్పుడు కక్కింది మొత్తం కథ. అక్టోబర్లో బడిలో గింజల బ్రెడ్ తింటుంటే పన్ను ఊడింది. బ్రెడ్ ముక్క పిండి పిండి చేసి వెతికింది, అన్నీ తెల్లటి గట్టి ముక్కలే, ఏది పన్నో తెలియలేదు. మా దగ్గర ఊడిన పన్ను నీళ్ళ గ్లాసులో వేసి పడుకుంటే, రాత్రి పళ్ళ దేవత వచ్చి దాన్ని తీసుకుని నాణెం పెట్టి పోతుందంటారు. ఆ రాత్రి గ్లాసులో నీళ్ళు పెట్టుకుంది కానీ అందులో వెయ్యడానికి పన్ను లేదు. పన్ను లేని గ్లాసు దగ్గరికి ఎవరొస్తారు, ఎవరూ రాలేదు.

"మా క్లాసులో తొమ్మిది మందికి ఊడాయి," అంది వేళ్ళు లెక్కపెడుతూ. "ఇద్దరివి దొరకలేదు. పక్క బడిలో ఎంతమందివో. ఆ బ్రెడ్‌లో తెల్లగా గట్టిగా ఉండేవి అన్నీ గింజలే అని నువ్వు చూశావా?"

నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే చూడలేదు. పుట్టినప్పట్నుంచి ఆ బ్రెడ్ తింటున్నాను, ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. పైగా ఆ తెల్లటి గట్టివాటినే నేను పిండి చేసి, దాచి పెట్టాను ఈ పిల్లకి.

"చూద్దామా?" అన్నాను.

బల్ల మీద తెల్ల కాగితం పరిచాం. కనుబొమ్మలు తీసుకునే ప్లక్కర్, వదిన కుట్టుపని భూతద్దం, ఒక్క బ్రెడ్ ముక్క. గంటా నలభై నిమిషాలు పట్టింది. వదిన ఇంటికొచ్చి మమ్మల్ని చూసి, చప్పుడు చెయ్యకుండా బూట్లు విప్పి లోపలికెళ్ళిపోయింది. అవిసె గింజలు నున్నగా మెరుస్తూ ఒక కుప్ప. ఆకుపచ్చ గుమ్మడి గింజలు ఒక కుప్ప. ఓట్స్ రేకులు ఉబ్బిపోయి. ఇంక తెల్లటివి, పొద్దుతిరుగుడు పప్పులు, అరవై మూడు. నిజంగానే పాలపళ్ళలా ఉన్నాయి, ఒక వైపు మొనదేలి. నాకు కూడా ఒక్క క్షణం అనుమానమేసింది.

ఇల్వా ఒక పప్పుని గోటితో నొక్కింది. నిలువునా రెండు బద్దలైంది.

"పన్ను ఇలా విడిపోదు," అంది. కదులుతున్న ఇంకో పన్నుని వేలితో నొక్కి చూసుకుంది కూడా. ఆ తర్వాత అరవై మూడింటినీ ఒక్కొక్కటే గోటితో విడదీసింది. ఒక్కటి కూడా మిగల్లేదు. అన్నీ గింజలే.

పొద్దుతిరుగుడు పువ్వు సూర్యుడి వైపు తిరుగుతుందని చెప్పాను. మరి సూర్యుడు లేనప్పుడు ఎటు తిరుగుతుంది అని అడిగింది. నాకు తెలీదు. ఇద్దరం వెతికాం. లేత మొక్క అయితే రాత్రంతా నెమ్మదిగా తూర్పు వైపుకి తిరిగి, తెల్లారేసరికి సిద్ధంగా ఉంటుందట. ఇల్వా అది రెండుసార్లు చదివించుకుంది. చదువుతుండగానే కాగితం మీంచి ఒక బద్ద తీసి నోట్లో వేసుకుంది. నేను చూడనట్టే ఉన్నాను.

శుక్రవారం అర ముక్క తింది, పన్ను కదలని వైపు నములుతూ. ఇరవై ఏడో స్తంభం. సోమవారం ఒక ముక్క, పైన టమాటా చేప, డబ్బా తనే తెరిచి చేప ముల్లు ఎక్కడుందో చూశాక. ముప్పై ఆరు. మంగళవారం గేటు దాటి లోపలికెళ్ళిపోయింది, నలభై ఒకటి అయిందని నేనే వెనక నుంచి అరవాల్సి వచ్చింది.

మధ్యలో ఇంకోటి జరిగింది, అసలు ఇది చెప్పకపోతే ఎలా. సోమవారం తన పళ్ళెంలోంచి తలెత్తి, "అత్తా, నువ్వు తెల్ల బ్రెడ్ తినాలి," అంది. ఎందుకని అడిగితే, "నేనూ నువ్వూ ఒకటే తింటే బ్రెడ్ వల్లో కాదో ఎలా తెలుస్తుంది?" యూనివర్సిటీలో మాకు ఈ ముక్క నేర్పడానికి మూడు క్లాసులు పట్టింది. అంచులు కోసిన తెల్ల బ్రెడ్ ఒక ముక్క, మేక చీజ్, చెంచాడు చేపనూనె. మూడు పొద్దుటిపూటలు అదే తిన్నాను. కాఫీ కూడా కుదరదంది.

సూర్యుడి రోజు. మైనస్ పదకొండు, ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. అన్నయ్య బండి ఆపి టీ తాగడానికి ఇంటికొచ్చేసరికి, ఇల్వా రెండో బ్రెడ్ ముక్కని దీపానికి ఎత్తి చూస్తూ ఒక పప్పు విరుస్తోంది. "ఊరంతా ఇవాళ పొద్దున్నే సూర్యుడి బన్నులు మింగుతోంది, లోపల జామ్, పైన చక్కెర. మా ఇంట్లో మాత్రం బ్రెడ్‌కి పోస్ట్‌మార్టమ్," అన్నాడు. ఇల్వా వాళ్ళ నాన్నకి భూతద్దం ఇచ్చింది. చూసి తనూ ఒక పప్పు విరిచాడు.

క్లాసుకి తోడుగా పెద్దవాళ్ళు కావాలంటే నేనూ వెళ్ళాను. వీపున వేడి పండ్ల రసం ఫ్లాస్కులు. మొదట్లో బాగానే నడిచాను. ముందు ఇల్వా ఎర్ర టోపీ ఊగుతూ పోతోంది, మోకాలి లోతు మంచులో, ఎక్కడా ఆగకుండా. సగం దూరం వచ్చేసరికి నా కాళ్ళు బరువెక్కాయి. చెవుల్లో హోరు. చూసుకుంటే నల్లబండ పక్కనే ఉన్నాను. ఆ బండ మీదే కూలబడ్డాను.

ఎర్ర టోపీ ఆగింది. వెనక్కి తిరిగింది. పైన ఎస్పెన్ ఇంకో పది నిమిషాలే ఉందని పిలుస్తున్నాడు. ఇల్వా పైకి చూసింది, నా వైపు చూసింది, దిగి వచ్చేసింది.

"నువ్వు వెళ్ళు. నాకేం కాదు," అన్నాను.

"ఎన్నో స్తంభం అత్తా?"

"ఇక్కడ స్తంభాల్లేవు కదా."

"అయితే పందొమ్మిది అని రాసుకో."

చేతొడుగు పళ్ళతో లాగేసి, సంచిలోంచి కాగితం పొట్లం తీసింది. మధ్యాహ్నానికి పెట్టిన గింజల బ్రెడ్. ఒక ముక్క తీసి దక్షిణం వైపు ఎర్రబడుతున్న ఆకాశానికి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి, ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. నాకు లోపల గాభరాగా ఉంది, సూర్యుడు వచ్చేస్తాడు, ఈ పిల్ల ఇక్కడే ఉండిపోతుంది అని. తను మాత్రం అంచు దాకా పూర్తిగా చూశాకే నా చేతిలో పెట్టింది.

"పళ్ళేం లేవు. నేను చూశాను."

వెళ్ళిపోయింది. పరుగే. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

నేను నములుతూ కూర్చున్నాను. కాసేపటికి గుట్ట మీంచి ఇరవై ముగ్గురి కేకలు ఒక్కసారి వినిపించాయి. ఎదురుగా జలసంధి అవతలి కొండల కొసలు గులాబీ రంగుకి తిరిగాయి. ఆ వెలుగు నా బండ దాకా రాలేదు. నేను అది దిగుతుందేమో అని చూస్తూనే ఉన్నాను, దిగలేదు.

ఇల్వా కూర్చుని జారుకుంటూ దిగి వచ్చింది, మొహమంతా మంచు. జేబులో మడత పెట్టుకున్న కాగితం సూర్యుణ్ణి తీసి చూపించింది, ఒక అంచు మాత్రం చింపేసి ఉంది. పైన కనిపించింది అంతే ముక్క అంది, మిగతాది కొండ వెనకే ఉంది, రేపు ఇంకొంచెం వస్తుందేమో కొలవాలి అంది.

తర్వాత నా ఖాళీ చేతుల వైపు చూసింది.

"ఎన్ని గింజలున్నాయి అత్తా?"

"లెక్కపెట్టలేదు. తినేశాను."

ఇల్వా నా వైపు చాలాసేపు చూసింది, ఎస్పెన్ కూడా అంత ఓపిగ్గా చూసి ఉండడు ఎవర్నీ.

"మరి ఎలా తెలుస్తుంది?" అంది. ఇంకో ముక్క తీసి, ప్లక్కర్ ఇంట్లో ఉండిపోయిందని గుర్తొచ్చి, గోటితో మొదలుపెట్టింది.