బడి వాకిట్లో ఎర్ర టైల్

నేను ఒక సిమెంటు టైల్‌ను. జనగామ పక్కన ఒక రేకుల షెడ్డులో, ఇసుకా సిమెంటూ ఎర్రరంగూ కలిపి అచ్చులో పోస్తే పుట్టాను. పుట్టుకలో గొప్ప లేకపోయినా గర్వానికి లోటు లేదు. నన్ను ఒక పల్లె బడి వాకిట్లో నట్టనడుమ పరిచారు. ఆ బడిలో తాగే నీళ్ళకే దిక్కు లేదు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు మేం మాత్రం వచ్చాం. బడి కమిటీ చైర్మన్ రాజలింగం రిబ్బన్ కత్తిరించి, "మట్టి పీడ పోయింది" అన్నాడు.

పీడ ఎక్కడికీ పోలేదు. ఎండెక్కితే కాళ్ళు కాలి పిల్లలు నా మీద గెంతులే గెంతులు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఒకనాడు రెండో తరగతి పిల్ల గెంతబోయి పడి, పప్పన్నమంతా ఒలకబోసుకుంది. ఆ ఏడుపు విన్నాక మళ్ళీ నవ్వలేదు.

హెడ్ మేడం సువర్ణ కూడా ఆ ఏడుపు విన్నది. ప్రహరీ వెంట కొన్ని టైల్స్ పీకించి కానుగలూ తంగేళ్ళూ నాటించింది. కొన్నేళ్ళకు కానుగ నీడ పరిచింది. తంగేడు ఆకుల్లో గొంగళి పురుగులు, వాటి వెనకే పిట్టలు, అవి తినగా మిగిలిన పురుగుల్లోంచి పసుప్పచ్చ సీతాకోకలు. రాజలింగం కంటికి అదంతా చెత్త.

"పిల్లలు బతుకమ్మ ఆడనీకి జాగ చాల్తలేదు మేడం. ఆ పొదలు కొట్టేసి మల్ల టైల్స్ ఏపిస్త," అన్నాడు దసరా సెలవుల ముందు.

"పండుగ ఒక్కటి కానియ్యుండ్రి సార్. అటెనక మీ ఇష్టం," అంది మేడం.

సెలవులిచ్చే రోజు మిట్టమధ్యాహ్నం బతుకమ్మను తెచ్చి సరిగ్గా నా మీదే పెట్టారు. గునుగు, తంగేడు, పైన పసుపు గౌరమ్మ. జన్మ తరించిందనుకున్నాను. కానీ బతుకమ్మ ఆటకు చెప్పులు విడవాలి కదా! కాస్త తిరిగేసరికి పాట తప్పింది, చప్పట్లు తప్పాయి.

"కాళ్ళు కాల్తున్నయ్ బాపూ!" అంది రాజలింగం కూతురు అక్షిత. అని ఊరుకోలేదు. బతుకమ్మనెత్తుకుపోయి తంగేడు పక్కన, నీడ పట్టున మట్టి మీద పెట్టింది. ఆట అక్కడ జోరందుకుంది.

రాజలింగం చెప్పులు విడిచి నా మీద ఒక అడుగు వేశాడు. చటుక్కున తీసేశాడు. కానుగ నీడలోకి నడిచి, "మేడం, ఈ నడుమ టైల్స్ గూడ తీపియ్యుండ్రి," అన్నాడు.

నన్నూ పీకి కానుగ మొదట్లో పడేశారు. దాచడమెందుకు, చిన్నతనమనిపించింది. ఇప్పుడు నా కింద ఒక కప్ప కాపురం పెట్టింది. నిన్న ఎండవేళ ఒక పిల్ల వట్టి కాళ్ళతో నా మీదికెక్కింది. కాళ్ళు కాలి గెంతుతుందేమోనని అలవాటు కొద్దీ భయపడ్డాను. కొమ్మలోని పికిలిపిట్ట తన కూనలకు పురుగు తినిపించడం చూస్తూ, ఆ పిల్ల బెల్లు కొట్టినా దిగలేదు.