దొరగారికి చోటు చాలడం లేదు

మా ఇంట్లో ఆదివారం నా నోట్లో చేప నీళ్ళతో మొదలవుతుంది. పాత నీళ్ళు తోడెయ్యడానికి అద్దాల తొట్టెలో పైపు ఒక కొస ముంచి, రెండో కొస నేను నోట పెట్టుకుని పీల్చాలి. నీళ్ళు నోటి దాకా రాగానే చటుక్కున తీసి బకెట్లో పడేయాలి. రెప్పపాటు ఆలస్యమైందా, గుక్కెడు మింగినట్టే. ఇన్నేళ్ళలో నేను మింగిన నీళ్ళు పోగేస్తే ఒక చెరువు నింపి దానికి నా పేరు పెట్టొచ్చు. దీనికి చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి ఒకటి దొరుకుతుందట. మా ఆయనకి తెలుసు. "అదెందుకే, నీ ఊపిరి ముందు ఏ బుడ్డి పనికొస్తుంది" అంటాడు పేపరు మడుస్తూ. పెళ్ళయ్యాక నాలో గొప్పదని ఆయన ఒప్పుకున్నది ఆ ఊపిరి ఒక్కదాన్నే.

తొట్టెలో ఉండేది దొరగారు. మీసాల చేప. క్యాట్‌ఫిష్ అంటారు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్రటి తోక. మా ఆయన దాన్ని సంచిలో నీళ్ళు పోయించుకుని తెచ్చినప్పుడు నా చూపుడు వేలంత ఉంది. "ఇది పెద్దదవుతుందేమోనండీ" అన్నాను. "తొట్టె ఎంతుంటే చేప అంతే పెరుగుతుందని షాపువాడు చెప్పాడు. నీకు తెలుసా, వాడికి తెలుసా" అన్నాడు. ఆ మాట మా ఆయనకి ఎంత నచ్చిందంటే, చేపకే కాదు, నాక్కూడా వాడేవాడు. వెనక గదిలో కుట్టుమిషను, బట్టల షాపావిడ కుట్టమని పంపే స్కూలు యూనిఫాం గుడ్డల మూటలు, నేను, ముగ్గురం పట్టడం లేదంటే, "చేపే సర్దుకుంటోంది, నువ్వు సర్దుకోలేవా" అనేవాడు.

చేప సర్దుకోలేదు. ఏకై వచ్చి మేకై కూర్చుంది. ముందు తనతో వచ్చిన రంగు చేపల్ని తినేసింది. తర్వాత, తోడుగా ఉంటుందని తనంత చేపనే తెచ్చి వేస్తే, దాన్నీ మింగి తోక బయటికి పెట్టుకుని సాయంత్రం దాకా చుట్ట కాల్చే పెద్దమనిషిలా తిరిగింది. నీళ్ళ వేడి చూసే గాజుగొట్టం మింగింది. గులకరాళ్ళు మింగింది. ఒకసారి మా అత్తగారు తొట్టె మీదకి వంగి "నాన్నా, బంగారం" అని ముద్దు చేస్తుంటే ఆవిడ కట్టుడు పళ్ళు జారి నీళ్ళలో పడ్డాయి. వాటినీ మింగింది. ఆ పూటంతా మా ఇంట్లో పళ్ళున్నది దొరగారికి, లేనిది అత్తగారికి. మర్నాడు అది కక్కేస్తే ఆవిడ కడుక్కుని పెట్టేసుకుంది. నేను నోట పెట్టుకున్న చెంచా ముట్టుకోని మనిషి. నాకంటే చేప ఎంగిలి నయమనుకుంది కాబోలు.

అది పెరిగినప్పుడల్లా తొట్టె మారింది. తొట్టె మారినప్పుడల్లా ఇల్లు చిన్నదైంది. పుస్తకాల బల్ల మీద నుంచి టీవీ చోటుకి, టీవీ చోటు నుంచి భోజనాల బల్ల చోటుకి వచ్చింది. ఇప్పుడు మేం కింద కూర్చుని తింటుంటే దొరగారు పైనుంచి మీసాలు ఆడిస్తూ మా కంచాల్లోకి చూస్తాడు. కుళాయి నీళ్ళు తిన్నగా పోస్తే దొరగారికి పడదు. క్లోరిన్ మందు వాసన పోయేదాకా టబ్బుల్లో నిలవ ఉంచాలి. అందుకని స్నానాలగదిలో దొరగారి నీళ్ళు నిలబడి ఉంటాయి, మిగిలిన మూల మనుషులు నిలబడాలి. బకెట్లు మోసి మోసి నా కుడి భుజం దిగింది. యూనిఫాం చొక్కాలకి నేను వేసే చేతులు సమానంగా ఉంటాయి గానీ, నా జాకెట్టుకే ఒక చెయ్యి పొడుగు కుట్టుకోవాలి. అత్తగారు రోజూ పడుకోబోయే ముందు ఒక్కటే అడిగేది: "వాడు తిన్నాడా అమ్మా?" ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పట్నుంచీ ఆ మాట నా గురించి వినబడుతుందేమోనని ఎదురుచూశాను. వినబడింది, చేప గురించి.

ఒకరోజు మా ఆయన స్నేహితులు వచ్చారు. "ఏం పెంచావురా, పులి పిల్లలా ఉంది" అన్నాడు అందులో లావుపాటాయన. "ఊరికే కాదురా, కష్టం. నా చెయ్యి తప్ప వాడు ఇంకొకరి చెయ్యి ఎరగడు" అన్నాడు మా ఆయన. నేను టీ కప్పులు పట్టుకుని నిలబడే ఉన్నాను. మా ఆయన రొయ్య పట్టుకుని చెయ్యి ముంచాడు. దొరగారికి తెలియని చెయ్యి కదా, ఎక్కడిదాకా రొయ్యో ఎక్కడ్నుంచి మనిషో తెలియక మోచేతి దాకా మింగేశాడు. దానికి కోరపళ్ళుండవు, గరుకు కాగితం లాంటి చిగుళ్ళుంటాయి. లాగిన కొద్దీ తోలు లేస్తుంది. "ఏమే, ఏమే" అంటున్నాడు. నేను కప్పులు కింద పెట్టి, నీళ్ళలో చెయ్యి పెట్టి, దొరగారి నుదురు మెల్లగా నిమిరాను. రోజూ అలాగే నిమురుతాను. నోరు వదిలాడు.

"చెల్లెమ్మ మాట వింటున్నాడే" అన్నాడు లావుపాటాయన.

"ఇదే పాడు చేసింది వాణ్ణి. అతి గారాబం" అన్నాడు మా ఆయన, మోచెయ్యి ఊదుకుంటూ.

"నీళ్ళు మార్చడం ఆలస్యమైనట్టుంది. ఆ చిరాకు వాడికి" అంది అత్తగారు లోపల్నుంచి.

తర్వాత దొరగారి నడుం వంగిపోవడం మొదలైంది. తోక ఒక పక్కకి, తల ఒక పక్కకి. తిరగబోతే అద్దానికి మూతి కొట్టుకుంటోంది. తొట్టె ఎంతుంటే చేప అంతే పెరుగుతుందన్న ఆ షాపువాడే వచ్చి చూసి, "అదేంటి సార్, చోటు లేకపోతే వంకర పోదా మరి" అన్నాడు. మా ఆయన తొట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "పాపం, తిరగడానికి కూడా చోటు లేదే వాడికి" అన్నాడు. కళ్ళు చెమర్చాయి. ఒట్టు, నేను చూశాను. వెనక గదిలో నేను కుర్చీ లోంచి లేవాలంటే ముందు మిషను జరపాలి, మిషను జరపాలంటే మూటలు మంచం కిందకి తోయాలి. ఆ గదిలోకి ఆయన అన్నేళ్ళుగా వస్తూనే ఉన్నాడు, చొక్కా బొత్తాం ఊడినప్పుడల్లా. ఎప్పుడూ కళ్ళు చెమర్చలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గరే చెప్పేశాడు. వెనక గదిలో గోడ నుంచి గోడకి కొత్త తొట్టె. "నీ మిషనుదేముంది, వంటింట్లో పొయ్యి పక్కన పడుంటుంది."

"గుడ్డల మీద నూనె పడుతుందండీ. షాపావిడ తిప్పి పంపేస్తుంది."

"అయితే కుట్టడం మానెయ్. ఎవరు కుట్టమన్నారమ్మా నిన్ను" అంది అత్తగారు.

"ఆ గది ఇవ్వను" అన్నాను. అంత చిన్న మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మా ఆయన కోప్పడలేదు. నవ్వాడు. "నోరు లేని జీవంతో పోటీ ఏంటే నీకు" అన్నాడు.

ఆ గది గురించి చెబితే మీరూ నవ్వుతారేమో. ఒక్క కిటికీ, అదీ పక్కింటి గోడలోకి తెరుచుకుంటుంది. అయినా మిషను చప్పుడు మొదలైతే ఎవరి పిలుపూ సరిగ్గా వినబడదు. విన్నా, వినబడలేదనొచ్చు. కాజాలు కుడుతూ నాలో నేను మాట్లాడుకుంటాను, పాడుకుంటాను, ఎవరి మీదో తిట్లు కట్టుకుంటాను. మీకు చెబుతున్న ఈ కతలన్నీ అక్కడ అల్లుకున్నవే. గడప దాటితే నేను కోడల్ని, పెళ్ళాన్ని, పైపుకి ఊపిరిని. లోపలుంటే ఎవరికీ ఏమీ కాను. అంత హాయి ఇంకెక్కడా లేదు నాకు.

వడ్రంగి మేస్త్రీ వచ్చినరోజు ఆ గదిలోనే ఉన్నాను. చిన్నపిల్లల చొక్కాకి చెయ్యి అతుకుతున్నాను. తొట్టె కింద బల్లకి కొలతలు తీసుకోవాలని మా ఆయన అతన్ని లోపలికి తెచ్చాడు. మేస్త్రీ చెవి వెనక పెన్సిలు తీసి, టేపు గోడకి ఆనించి, మర్యాదకి అడిగాడు.

"ఈ గదిలో ఎవరుంటున్నారు సార్?"

"ఎవరూ లేరు. ఖాళీయే" అన్నాడు మా ఆయన.

నా కాలు తొక్కుడు మీద ఉంది. చక్రం తిరుగుతోంది, సూది పొడుస్తోంది. నేను చెప్పిన వాటిలో చేప పొడుగు మీరు తగ్గించుకోండి, అత్తగారి పళ్ళు నమ్మకపోయినా ఫరవాలేదు. ఈ ఒక్క మాటకి మాత్రం నేను ఒక్క పోగు కూడా కలపలేదు. నా ఎదురుగా నిలబడి, నా మిషను మీద చెయ్యి ఆనించుకుని అన్నాడు. కోపంతో కాదు, వెటకారానికి కాదు. నిజంగా ఆయనకి అలాగే కనబడింది.

మేస్త్రీ నావైపు చూశాడు, ఆయన వైపు చూశాడు, మళ్ళీ టేపు వైపు చూసుకున్నాడు. "తొట్టె లోపలికి రావాలంటే తలుపు ఊడదీయాలి సార్" అన్నాడు.

"తీసెయ్. మంచిదే, హాల్లోంచి కూడా కనబడుతుంది."

చొక్కా చెయ్యి చివరిదాకా కుట్టాను. దారం తెంపాను.

"మేస్త్రీ, నీ సంచిలో గడియ ఏదన్నా ఉందా?" అన్నాను.

"ఉందమ్మా, ఇత్తడిది. ఎక్కడికి?"

"ఈ తలుపుకే."

"నీకు మతి పోయిందా ఏంటే" అన్నాడు మా ఆయన. "తలుపే తీసేస్తుంటే గడియేంటి?"

నేను ఆయన వైపు చూడలేదు. మేస్త్రీ టేపు వదిలేశాడు, సర్రుమని డబ్బాలోకి దూరింది.

"బయటికి పెట్టమంటారా, లోపలికా అమ్మా?"

"మనిషి ఉన్నది లోపల నాయనా. లోపలికే పెట్టు."